దద్దుర్లు చూసి నల్లులని తేల్చేయకండి

ప్రశ్న: మాది హైదరాబాద్ కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంట్. దసరా సెలవులకు మా అబ్బాయి హాస్టల్ నుంచి వచ్చి వెళ్లాడు. నెల తిరక్కుండానే మా పాప చేతుల మీద, మెడ దగ్గర ఎర్రటి దద్దుర్లు మొదలయ్యాయి. పొద్దున లేచేసరికి రెండో మూడో వరసగా కనిపిస్తాయి. నాకు అప్పుడప్పుడు దురద పెడుతుంది. అదే మంచం మీద పడుకునే మా వారికి మాత్రం ఒక్కటీ లేదు. ఆయన దోమలంటారు, మా అత్తయ్య నల్లులే అంటారు. డాక్టర్ గారు అలర్జీ మాత్రలు ఇచ్చారు. తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తున్నాయి. పరుపు తిరగేసి చూశాను, ఏమీ కనపడలేదు. సంక్రాంతికి మా తమ్ముడి కుటుంబం వస్తోంది. ఈలోపే మందు కొట్టించేయమంటారా? అసలు నల్లులున్నదీ లేనిదీ ఎలా తెలుసుకోవాలి? ఎవరినైనా అడగాలన్నా నామోషీగా ఉంది.
- ఒక గృహిణి

జవాబు: అమ్మా, మందు ఇప్పుడే కొట్టించకండి. ముందు వెతకండి. ఇంట్లో నల్లులున్నాయని చెప్పడానికి పురుగైనా దొరకాలి, అది వదిలిన ఆనవాళ్లయినా దొరకాలి. ఒంటి మీద దద్దుర్లు సాక్ష్యం కిందకి రావు. అవి ఒట్టి అనుమానం మాత్రమే. అనుమానం మీద మందు కొట్టిస్తే నల్లులు లేని ఇంట్లో డబ్బులు దండగ, ఉన్న ఇంట్లో ఇంకా చేటు. మందు తగలని పురుగులు చెల్లాచెదురై గోడ సందుల్లోకి, పక్క గదిలోకి చేరతాయి. అప్పటిదాకా ఒక్క మంచంలో ఉన్నదాన్ని ఇల్లంతా వెతుక్కోవాల్సి వస్తుంది.

దద్దుర్లను ఎందుకు నమ్మొద్దంటున్నానో చెబుతాను. నల్లి కుట్టినప్పుడు ఒళ్లు ఎలా స్పందిస్తుందనేది మనిషిని బట్టి ఉంటుంది. కొందరికి ఉదయానికే దద్దురు లేస్తుంది, కొందరికి కొన్ని రోజుల తర్వాత లేస్తుంది, కొందరికి అసలు గుర్తే ఉండదు. కాబట్టి మీ వారి ఒంటి మీద ఏమీ లేదంటే ఆయన్ను కుట్టలేదని కాదు. పక్కపక్కనే పడుకున్న ఇద్దరిలో ఒకరు రాత్రంతా గోక్కుంటూ, ఇంకొకరు గుర్రు పెట్టి నిద్రపోయే ఇళ్లు చాలానే ఉంటాయి. వరసగా మూడు ఉంటే నల్లే అని ఒక లెక్క చెబుతుంటారు, దాన్నీ నమ్మకండి. దోమలు కూడా దుప్పటి బయట ఉన్న చేతి మీద వరసగా కుట్టగలవు. నల్లులు విడివిడిగా, గుంపుగా, ఎలాగైనా కుట్టగలవు.

దోమల సంగతి తేల్చడం తేలిక. నాలుగైదు రాత్రులు దోమతెర కట్టి, అంచులు పరుపు కిందకి దోపి పడుకోండి. అంతకుముందు తెర కుట్లు ఒకసారి చూసుకోండి, నల్లులు అందులోనూ దూరతాయి. తెర సరిగ్గా ఉండి కూడా పాపకు కొత్త దద్దుర్లు వస్తే దోమల మీద అనుమానం తగ్గుతుంది. మరోటి, పాప వేళ్ల సందులు, మణికట్టు, నడుము చుట్టూ చూడండి. అక్కడ సన్నటి పొక్కులుండి, రాత్రిపూట దురద ఎక్కువవుతూ, ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి వస్తుంటే అది గజ్జి కావచ్చు. దానికి అలర్జీ మాత్రలతో పని జరగదు. ఆ మాట డాక్టర్ గారితో అనండి.

ఇక వెతకడం. పరుపు తిరగేసి చూశానన్నారు. అందరూ చేసేది అదే, ఆగిపోయేదీ అక్కడే. నల్లి పరుపు మీద కాపురం ఉండదు. వచ్చి, ఐదు పది నిమిషాలు రక్తం తాగి, సందులోకి వెళ్లిపోతుంది. తాగిన తర్వాత కొన్ని రోజులు బయటకే రాకపోవచ్చు. అందుకే తక్కువ నల్లులున్న ఇంట్లో రోజూ దద్దుర్లు రావు. రెండు మూడు రాత్రులు ప్రశాంతంగా గడిచాయంటే పోయాయనీ కాదు. అర్ధరాత్రి లైటు వేసి పట్టుకుందామని చూసేవాళ్లున్నారు గానీ, పగటిపూట తీరిగ్గా దాక్కున్న చోట వెతకడమే మేలు. అవి ఎక్కువగా సందుల్లో గుంపుగా ఉంటాయి కాబట్టి ఒకటి దొరికితే దగ్గర్లోనే మిగతావీ దొరకొచ్చు.

పనిమనిషి, పిల్లలు లేని సమయం చూసుకోండి. మంచి టార్చ్, పాత ఏటీఎం కార్డు, సెల్లోటేప్, స్క్రూడ్రైవర్, కొంచెం దూది, తెల్లటి గుడ్డ చాలు. దుప్పటి గబుక్కున లాగకండి, మూలల నుంచి మెల్లగా మడవండి. దిండు గలీబు కుట్లు చూసి, తర్వాత పరుపు అంచు చుట్టూ ఉండే లావుపాటి కుట్టు దగ్గరికి రండి. ఆ కుట్టును బొటనవేలితో ఒత్తి వెనక్కి మడిచి, లోపలి గీతను టార్చ్ పక్కకు పట్టి చూడండి. తలాపు వైపు నుంచి మొదలుపెట్టండి, కంపెనీ లేబుల్ కిందా చూడండి. దూది పరుపైతే మధ్యలో దారంతో బిగించిన గుంటలు వదలకండి.

చాలామంది ఇళ్లలో అసలు గుట్టు పరుపులో కాదు, మంచంలో ఉంటుంది. పరుపు తీసి పక్కన నిలబెట్టండి. కోడుకు పట్టె బిగించిన చోటు, తలాపు పలక వెనక భాగం, ప్లైవుడ్ పలకల కింది వైపు, స్క్రూ గుంటలు. పలకకూ పట్టెకూ మధ్య సందులో ఏటీఎం కార్డు దూర్చి మెల్లగా గీరండి, కింద తెల్లగుడ్డ పరిచి. దుమ్ముతో పాటు ఏం రాలిందో చూడండి. అవసరమైతే రెండు స్క్రూలు విప్పండి. ప్లైవుడ్ అంచుకు లామినేట్ ఊడి పైకి లేచిన చోటు ఒకటి ఉంటుంది, దాని కింద చూడని వాళ్లే ఎక్కువ. ఇనుప మంచమైతే గొట్టాల చివర్లలో ప్లాస్టిక్ మూతలు తీసి చూడాలి.

మీరు వెతికే వాటిలో ముందు దొరికేది పురుగు కాదు, నల్లటి చుక్కలు. సిరా పెన్ను మొన ఆనించి తీసినట్టు ఉంటాయి. బట్ట మీద కొద్దిగా ఇంకి అంచులు పాకి ఉంటాయి, చెక్క మీద గట్టిపడి ఉబ్బెత్తుగా ఉంటాయి. అది నల్లి అరిగించుకున్న రక్తం. ఒక సందు చుట్టూ పది పదిహేను చుక్కలు గుమిగూడి కనిపిస్తే దాని లోపలే ఇల్లుంది. అనుమానమొస్తే దూది తడిపి గట్టిగా అద్ది రుద్దండి. నల్లి మరకైతే తుప్పు రంగులో పాకుతుంది. బొద్దింక పెంట పొడి గింజల్లా రాలిపోతుంది. బూజు మచ్చ ఎర్రబారదు. దుప్పటి మీద కనిపించే చిన్న రక్తపు మరకలను మాత్రం అంత లెక్కలోకి తీసుకోకండి, గోక్కున్నా అవే వస్తాయి.

చుక్కల పక్కనే లేత గోధుమరంగు పొరలు ఉండొచ్చు. నల్లి పిల్ల పెద్దయ్యేలోపు ఐదుసార్లు పొర విడుస్తుంది, విడిచే ప్రతిసారీ దానికి ముందు రక్తం తాగి ఉండాలి. కాబట్టి పొరలున్నాయంటే అక్కడ పెంపకం సాగుతోందని అర్థం. గుడ్లు ఒక మిల్లీమీటరు, ముత్యం తెలుపు, సందులో అతుక్కుని ఉంటాయి. ఊదితే కదలవు. ఫోన్ కెమెరా జూమ్ చేసి ఫోటో తీస్తే కంటికంటే బాగా తెలుస్తాయి.

పురుగే దొరికితే నలపకండి, సెల్లోటేప్‌తో అంటించి తెల్లకాగితం మీద పెట్టండి. పెద్ద నల్లి ఐదు మిల్లీమీటర్లు ఉంటుంది, పొట్టు తీయని మసూర్ పప్పు అంత, అదే చదునుతనం, అదే గోధుమ ఎరుపు. రక్తం తాగాక పొడుగ్గా ఉబ్బి ముదురు ఎరుపుకు తిరుగుతుంది. రెక్కలుండవు, ఎగరదు, గెంతదు. చిన్న పిల్లలైతే దాదాపు రంగు లేకుండా ఉంటాయి, తాగిన తర్వాతే పొట్ట ఎర్రగా కనిపిస్తుంది. బొద్దింక పిల్లను చూసి నల్లి అని హడలిపోయేవాళ్లు ఎక్కువ. దానికి ఒళ్లంత పొడుగు మీసాలుంటాయి, టార్చ్ వెలుగు పడగానే సర్రున పరుగెడుతుంది. నల్లి మీసాలు పొట్టివి, నడక ఒక మాదిరి. కుక్క ఉన్న ఇంట్లో గోమార్లు కూడా కనిపిస్తాయి. కాళ్లు లెక్కపెట్టండి, నల్లికి ఆరు, పెద్ద గోమారికి ఎనిమిది.

మంచంలో దొరక్కపోతే దూరం పెంచుకుంటూ వెళ్లండి. మొదట్లో నల్లులు మనిషి పడుకునే చోటుకి ఒకటి రెండు మీటర్ల లోపే ఉంటాయి. మంచం తగిలిన గోడ, దాని మీది క్యాలెండర్ వెనక, ఫోటో ఫ్రేముల వెనక, మేకు గుంటలు, స్కర్టింగ్ సందు, కర్టెన్ పైమడతలు. స్విచ్‌బోర్డు చుట్టూ చుక్కలున్నాయేమో చూడండి గానీ, అందులోకి ఏమీ దూర్చకండి, నీళ్లూ కొట్టకండి. మీ అత్తయ్య హాల్లో దివాన్ మీద పడుకుంటే దాన్నీ, టీవీ చూస్తూ కునుకు తీసే సోఫానూ చూడాలి.

మీ అత్తయ్య మాట అలా కొట్టిపారేయకండి. నులక మంచాల కాలం వాళ్లకి నల్లి కంపు గుర్తుంటుంది. పొద్దున్నే మంచం ఎత్తి నేలకేసి కొట్టడం, ఎండలో వేసి మంచం కోళ్ల బెజ్జాల్లో మరిగే నీళ్లు పోయడం చూసినవాళ్లు. ఒకసారి ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని వెతకండి. వాసన మీదే ఆధారపడొద్దని మాత్రం అంటాను. ఇల్లంతా పట్టేసినప్పుడే గదిలో వాసన తెలుస్తుంది, నాలుగైదు ఉన్నప్పుడు కాదు.

ఎంత వెతికినా దొరక్కపోతే కాపు కాయాలి. కాళ్లున్న మంచమైతే గోడకు అరడుగు దూరం జరిపి, దుప్పటి నేలకు తగలకుండా లోపలికి మడిచి, ఒక్కో కోడు కింద ప్లాస్టిక్ గిన్నె పెట్టండి. కోడు నానిపోకుండా గిన్నె మధ్యలో చిన్న స్టీలు డబ్బా బోర్లించి దాని మీద నిలబెట్టొచ్చు. గిన్నెలో నీళ్లు, రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్. ఈ నీళ్లు ఎందుకంటే, ఆన్‌లైన్‌లో దొరికే నల్లుల గిన్నెలు నున్నటి గోడ ఎక్కలేక పురుగు అందులోనే ఉండిపోతుందన్న లెక్కతో చేసినవి. అది చల్లటి దేశాల నల్లి సైమెక్స్ లెక్టులేరియస్‌కు బాగా సరిపోతుంది. మనలాంటి వేడి దేశాల్లో ఎక్కువగా ఉండేది సైమెక్స్ హెమిప్టెరస్. దాని కాళ్లకి అంటుకునే సన్నటి రోమాలు ఎక్కువ, నున్నటి ప్లాస్టిక్ కూడా ఎక్కేస్తుంది. ఖాళీ గిన్నె పెట్టి, ఏమీ పడలేదు కాబట్టి ఏమీ లేవనుకుంటే మోసపోతారు.

కాళ్లు లేని స్టోరేజ్ మంచమైతే గిన్నెల పని కుదరదు. పార్సిల్ డబ్బాల అట్ట ఉంటుంది చూడండి, రెండు కాగితాల మధ్య గొట్టాల్లా ఉండేది, దాన్ని అరచేయంత ముక్కలు చేసి పరుపు కింద నాలుగు మూలలా, తలాపు పలక వెనకా పెట్టండి. నల్లులకి అలాంటి సందులంటే ఇష్టం. మూడు నాలుగు రోజులకోసారి ముక్కను తెల్లగుడ్డ మీద విప్పి చూడండి. చుక్కలు కనిపించినా చాలు.

ఇలా కాపు కాసే వారాల్లో మంచం ఖాళీ చేసి హాల్లో పడుకోకండి. మనిషి ఎక్కడుంటే నల్లి అక్కడికి వస్తుంది. మన ఒంటి వేడి, వదిలే గాలి దానికి దారి చూపిస్తాయి. గది మారితే రెండు గదులకీ నల్లులు పట్టించినట్టవుతుంది.

మందుల విషయం కాస్త గట్టిగా చెబుతాను. బియ్యంలో పురుగు పట్టకుండా గోదాముల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు నల్లులకి పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే ఆ మనిషి మాట ఇంకెప్పుడూ వినకండి. తేమ తగిలితే అవి ఫాస్ఫీన్ గ్యాస్ వదులుతాయి. మూసిన ఇంట్లో అది మనుషుల్ని చంపుతుంది. మన దేశంలో ఇలా ప్రాణాలు పోయాయి. అపార్ట్‌మెంట్‌లో ఆ గ్యాస్ పక్క ఫ్లాట్‌లోకీ వెళ్తుంది. కిరోసిన్‌తో మంట ప్రమాదం. కలరా ఉండలతోనూ, దోమల మందు మిషన్‌తోనూ నల్లులు పోవు. లేబుల్ లేని సీసాల్లో అమ్మే నల్లుల మందు పాప పడుకునే పరుపు మీద చల్లడమనే ఆలోచనే వద్దు. బజారు స్ప్రేల్లో ఎక్కువగా ఉండే పైరిథ్రాయిడ్ మందులకి చాలాచోట్ల నల్లులు అలవాటు పడిపోయాయి. ఇది వాటికి కొత్త విద్య కాదు. డీడీటీ అనే పురుగుమందు వచ్చిన కొన్నేళ్లకే, 1947లో, హవాయిలోని పెర్ల్ హార్బర్‌లో దానికి లొంగని నల్లులు కనిపించాయి.

వెతికాక నల్లి ఉందని తేలితే అప్పుడు పెస్ట్ కంట్రోల్ వాళ్లను పిలవండి. ఫోన్‌లోనే రేటు చెప్పి రేపొచ్చి కొట్టేస్తామనేవాళ్లను కాకుండా, ముందు వచ్చి చూసేవాళ్లను ఎంచుకోండి. మంచం విప్పుతారా, రెండోసారి ఎన్ని రోజులకి వస్తారు అని అడగండి. గుడ్లు పొదగడానికి దాదాపు ఆరు నుంచి పది రోజులు పడుతుంది, చాలా మందులు గుడ్లను చంపవు. అందుకని సుమారు రెండు వారాలకి మళ్లీ రాకపోతే మొదటిసారి పెట్టిన డబ్బు వృథా. బట్టలు, దుప్పట్లు వాషింగ్ మెషీన్‌లో 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతకండి, కుట్ల మీద ఇస్త్రీ పెట్టె మెల్లగా నడపండి. వేడికి నల్లి తట్టుకోలేదు, 50 డిగ్రీలు దాటిన వేడి కాసేపు నిలబడితే గుడ్డుతో సహా చస్తుంది. కానీ డాబా మీద పరుపు ఎండబెడితే చాలదు, పైన కాలుతున్నా లోపల అంత వేడెక్కదు, పురుగు నీడవైపుకి జారుకుంటుంది. పరుపు పారేయాల్సిన పనీ సాధారణంగా ఉండదు. పారేస్తే మాత్రం పాలిథిన్‌లో పూర్తిగా చుట్టి, పైన నల్లులున్నాయని రాసి పెట్టండి. లేకపోతే వాచ్‌మన్ తీసుకెళ్లి పిల్లల్ని దాని మీదే పడుకోబెడతాడు.

నామోషీ అన్నారు. నల్లికి శుభ్రం, మురికి తేడా లేదు, దానికి కావాల్సింది రక్తం, ఒక సందు. నీటుగా ఉండే హోటల్ గదికీ, ఏసీ బస్సు సీటుకీ కూడా పట్టిన పురుగు. ఇంట్లో సామాను ఎక్కువైతే దాక్కునే చోట్లు పెరుగుతాయి, అంతే. ఇది మనుషులకి రోగాలు మోసుకొస్తుందనడానికి ఇప్పటిదాకా రుజువు లేదు. పాప గోకి పుండు చేసుకోకుండా గోళ్లు కత్తిరించండి చాలు. నల్లి దొరికితే మాత్రం అసోసియేషన్ వాళ్లకి చెప్పాలి. గోడ పక్కనే ఉన్న ఫ్లాట్‌లో కూడా చూడకపోతే మీరు వదిలించినవి పైపు సందుల్లోంచి మళ్లీ రావచ్చు.

మీ తమ్ముడు వాళ్లను ఇప్పుడే రావద్దనకండి. వెతకడం ఈ వారంలో మొదలుపెడితే సంక్రాంతికి ముందే సంగతి తేలుతుంది. నల్లి దొరికి, మందు రెండో విడత అప్పటికి పూర్తి కాకపోతే ఉన్నమాట చెప్పేయండి. వాళ్ల బ్యాగుల్లో నల్లులు పంపించి మాట పడేకంటే ఈసారికి వాళ్లు రాకపోవడం, మీరూ అక్కడికి వెళ్లకపోవడం మంచిది. ఆరు వారాలు కాపు కాసినా ఒక్క చుక్క, ఒక్క పొర, ఒక్క పురుగు దొరక్కపోతే నల్లుల మాట పక్కనపెట్టి పాపను చర్మవ్యాధుల నిపుణులకి చూపించండి.

ఇక మీ అబ్బాయి. తప్పు వాడి మీద వేయకండి, అది వాడి సూట్‌కేసులో వచ్చిందో, ఇంకెక్కడి నుంచి వచ్చిందో ఇంకా తేలలేదు. హాస్టల్ మంచాన్ని కూడా పైన చెప్పినట్టే వెతికి ఫోటోలు పంపమనండి. చుక్కలుంటే వార్డెన్‌కి చెప్పాలి, ఒక్క గదికి మందు కొడితే సరిపోదు. ఈసారి వచ్చినప్పుడు సూట్‌కేసు గుమ్మంలోంచి నేరుగా బాల్కనీకి వెళ్లాలి. బట్టలన్నీ అక్కడే వేడినీళ్ల బకెట్లో వేయించండి. జిప్పు అంచులు, చక్రాల దగ్గర సందులు, లోపలి గుడ్డ కుట్లు టార్చ్ వేసి చూడండి. రగ్గు ఉంటే అది విడిగా కవర్లో కట్టి ఉంచి, ఉతికాకే లోపలికి తీసుకోండి.